బోరు దగ్గర ఒక పరీక్ష, చివరి నల్లా దగ్గర ఇంకొకటి

పల్లెలో నీళ్ల మంచిచెడులు తేల్చేవి కన్నూ నాలుకా. తేటగా ఉంటే మంచి నీళ్లు, ఉప్పగా తగిలితే వాడుక నీళ్లు, వాసన వేస్తే పారబోయవలసిన నీళ్లు. తరతరాలుగా అక్కరకొచ్చిన ఈ కొలతలు ఇప్పటికీ కొంతవరకు పనికొస్తాయి. కానీ భూగర్భజలం మీదే బతికే చిన్న ఊళ్లో మనిషికి ఎక్కువ కీడు చేసే రెండూ, అంటే ఫ్లోరైడూ రోగాలు తెచ్చే సూక్ష్మజీవులూ, కంటికీ నాలుకకూ దొరకవు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 0.4 మిల్లీగ్రాములున్న నీళ్లలాగే తళతళలాడుతూ ఉంటాయి. టైఫాయిడ్, కలరా, పచ్చకామెర్లు మోసుకొచ్చే నీళ్లు కూడా చాలాసార్లు అంతే తేటగా ఉంటాయి. ఈ రెండు ప్రమాదాల పుట్టుక వేరు, నడక వేరు. ఒకటి రాతిలో పుట్టి, నెమ్మదిగా మారుతూ, ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. రెండోది ఎక్కువగా దారిలో చేరి, ఒక్క పూటలో ఊరంతటినీ పడుకోబెడుతుంది. మొదటిదాన్ని బోరు దగ్గర పట్టుకోవాలి, రెండోదాన్ని చివరి నల్లా దగ్గర. ఈ తేడా చూసుకోకుండా "టెస్టు చేయించాం, నీళ్లు బాగానే ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేయడంలోనే మన ఊళ్లు దెబ్బతింటున్నాయి.

రాయి కలిపేది

తాగునీటి ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును మన దేశంలో తొలిసారి గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచర వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వర్ణించారు. పళ్లకు గార పట్టడం, వెన్ను బిగుసుకుపోవడం, కీళ్లు వంగకపోవడం దాని లక్షణాలని, మూలం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని చూపించారు. ఆ తర్వాత నల్గొండ జిల్లా పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇంకో రూపాన్ని లాన్సెట్ వైద్య పత్రికలో నమోదు చేశారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగిపోయి, పాదాలు ఎడమైపోయే రూపం అది. పళ్ల మీద పడ్డ మచ్చ ఏ పేస్టుతోనూ పోదు, ఒకసారి వంగిన ఎముక మందులతో తిరిగి నిలబడదు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ, రాకముందు చేయగలిగింది చాలా ఎక్కువ. అందుకే ఈ జబ్బు విషయంలో డాక్టరు కంటే ముందు రావలసింది నీటి పరీక్ష.

నేల కింద ఏం జరుగుతుందో తెలిస్తే, ఆ పరీక్ష బోరు దగ్గరే ఎందుకు జరగాలో తెలుస్తుంది. నల్గొండ, కనిగిరి లాంటి మెట్ట ప్రాంతాల అడుగున ఉన్నవి గ్రానైట్, నైస్ జాతి గట్టి రాళ్లు. వీటిలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ అనే నల్ల అభ్రకం లాంటి ఖనిజాలు ఫ్లోరిన్‌ను పట్టి ఉంచుతాయి. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది, రాతితో కలిసి ఉన్నకొద్దీ బైకార్బనేట్ పెరిగి క్షారగుణం తెచ్చుకుంటుంది. అలాంటి నీళ్లు ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను బాగా లాగుతాయి. దీనికి అడ్డు నిలవగలిగింది కాల్షియం. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి కరగలేదు. కానీ వానలు తక్కువా ఎండలు ఎక్కువా ఉన్న చోట ఆ కాల్షియం సున్నపు గడ్డలుగా మారి మట్టిలోనే ఉండిపోతుంది, ఫ్లోరైడ్‌కు అడ్డు తొలగిపోతుంది. ఇక్కడే మన ఇళ్లలో వాడే ఒక పాత కొలత తలకిందులవుతుంది. పప్పు త్వరగా ఉడికితే మంచి నీళ్లని, ఉడక్కపోతే చవుడు నీళ్లని అంటాం. పప్పును ఉడకనివ్వనివి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఫ్లోరైడ్ పెరగడానికి అనువైన నీళ్లు కూడా సరిగ్గా అలాంటివే. పప్పు ఉడికిన ప్రతి ఊళ్లో ఫ్లోరైడ్ ఉంటుందని కాదు గానీ, పప్పు ఉడికింది కాబట్టి భయం లేదనుకోవడానికి మాత్రం వీల్లేదు.

గట్టి రాయిలో నీళ్లు ఇసుక నేలలోలాగా ఒకే మట్టంలో పరుచుకుని ఉండవు. పైన కుళ్లిన రాతి పొర, కింద అక్కడక్కడా పగుళ్లు, ఆ పగుళ్లలో నీళ్లు. ఒక పగులుకూ ఇంకో పగులుకూ సంబంధం ఉండకపోవచ్చు. అందువల్ల ఒకే వీధిలో రెండు బోర్లు రెండు రకాల నీళ్లు ఇవ్వగలవు. పక్క బోరు ఫలితం మన బోరుకు వర్తించదు. ఉన్న బోరునే మరో 200 అడుగులు లోతు చేయిస్తే అది రసాయనికంగా కొత్త బోరు కిందే లెక్క, దాని పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఎండాకాలంలో మట్టం పడిపోయి, నీళ్లు రాతిలో ఎక్కువకాలం నిలిచిన పగుళ్ల నుంచి రావడం మొదలైతే ఫలితం మారొచ్చు. కాబట్టి ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి నమూనా తీసి పోల్చుకోవడం మంచిది.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రామును హద్దుగా పెట్టింది. వేరే ఆధారం ఏదీ లేకపోతేనే 1.5 వరకు ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 1.5, అయితే స్థానిక వాతావరణాన్ని, జనం తాగే నీళ్ల పరిమాణాన్ని చూసి దాన్ని సవరించుకోవాలని ఆ సంస్థే చెబుతుంది. ఆ సవరణ మనకు ఎందుకు కావాలో చిన్న లెక్కలో తేలిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లు నీడపట్టున రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఇస్తాయి. మే నెలలో ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వుతూ అయిదు లీటర్లు తాగే మనిషికి అవే నీళ్లు 7.5 మిల్లీగ్రాములు ఇస్తాయి. ఆ ఇంట్లో అన్నం, పప్పు, చారు ఉడికేది కూడా ఆ నీళ్లతోనే. పైగా తిండిలో కాల్షియం తక్కువైన ఒంట్లో హాని ఇంకా పెరుగుతుంది. ఒకే నల్లా నీళ్లు అందరికీ ఒకే మోతాదు ఇవ్వవు, ఎండలో ఎక్కువ కష్టపడి తక్కువ తినేవాళ్లకే ఎక్కువ ఇస్తాయి.

"మా తాతలు తాగలేదా ఈ నీళ్లు" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. దానికి రెండు జవాబులున్నాయి. తాతలు తాగినవి చాలా ఊళ్లలో చేదబావి నీళ్లు, చెరువు నీళ్లు. వాన పడినప్పుడల్లా కొత్త నీళ్లు చేరే, లోతు తక్కువ నీళ్లు అవి. 1960ల చివరి కరువుల తర్వాత గట్టి రాతిని తొలిచే రిగ్గులు వచ్చాయి, చేతిపంపులు వచ్చాయి, ఆపైన మోటారు బోర్లు వందల అడుగులకు దిగాయి. కలరా లాంటి జబ్బుల నుంచి ఎన్నో ప్రాణాలను కాపాడిన ఆ మార్పే, కొన్ని ఊళ్లను లోతు రాతి నీళ్లకు అప్పగించింది. రెండో జవాబు కొంచెం కటువైనది. 1937 నాటి రోగులు ఆధునిక బోర్ల నీళ్లు తాగినవాళ్లు కారు. పాత బావుల కాలంలోనూ కొన్ని ఊళ్లలో నడుములు వంగాయి. దాన్ని వయసు అనుకున్నారు, వాతం అనుకున్నారు, కర్మ అనుకున్నారు. అలవాటైన నీళ్లు కావడం ఒక్కటే వాటి మంచికి సాక్ష్యం కాలేదు.

దారిలో చేరేది

రెండో ప్రమాదం తీరు పూర్తిగా వేరు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది, జనాభా సుమారు 5,000. తాగునీటికి బోర్లే ఆధారం. 2000 మే నెలలో అక్కడ భారీ వానలు కురిశాయి. లోతు తక్కువైన ఒక బోరులోకి దగ్గరి పొలంలో వేసిన పశువుల ఎరువు నుంచి ప్రాణాంతకమైన ఇ.కోలి బ్యాక్టీరియా చేరింది. క్లోరిన్ సరిపడా వేసి ఉంటే అది అక్కడికక్కడే చచ్చేది. కానీ క్లోరిన్ తక్కువ వేశారు, కొలవవలసిన రోజుల్లో కొలవకుండానే రిజిస్టరులో అంకెలు రాశారు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. న్యాయమూర్తి డెన్నిస్ ఓకానర్ విచారణ జరిపి, బోరు దగ్గర క్లోరిన్‌నూ మురికినీ ఎడతెరిపి లేకుండా కొలిచే పరికరాలు ఉండి ఉంటే ఈ విపత్తు తప్పేదని తేల్చారు. సంపన్న దేశం, శుభ్రమైన పట్టణం, భూగర్భజలం. ఇవేవీ ఆ ఏడుగురిని కాపాడలేదు. నేల వడకట్టిన నీళ్లు కాబట్టి సూక్ష్మజీవులు ఉండవన్న ధీమాకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

అక్కడ మలినం బోరులోనే చేరింది. మన ఊళ్లో బోరు దాటాక కూడా ఈ ప్రమాదానికి దారులు ఎన్నో. నీళ్లు రోజంతా రావు, ఉదయం ఒక గంటో సాయంత్రం ఒక గంటో వదులుతారు. మిగిలిన సమయంలో పైపులు ఖాళీగా ఉంటాయి. వాలు మీద ఉన్న వీధుల్లో నీళ్లు దిగిపోతూ బయటివాటిని పైపులోకి పీల్చుకుంటాయి, కీలు దగ్గర చిన్న చిల్లు ఉన్నా పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. చివరి ఇళ్లకు ధార సరిగా అందదు కాబట్టి నల్లా దగ్గర రెండడుగుల గుంత తవ్వి, గొట్టాన్ని కిందికి కోసి బిందె పెడతారు. నీళ్లు ఆగిపోయాక ఆ గుంతలో నిలిచిన మురికిలోనే గొట్టం మూతి మునిగి ఉంటుంది, మర్నాడు గేటువాల్వు తిప్పే లోపు అందులో కొంత పైపులోకి చేరుతుంది. కొందరు నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు, ఆ లాగుడుకు పక్కింటి గుంతలోని నీళ్లు కూడా కదిలివస్తాయి. బోరు దగ్గర పట్టిన నమూనా ఎంత శుభ్రంగా ఉన్నా ఈ ప్రయాణం గురించి అది ఏమీ చెప్పలేదు. బీపీ ఒకసారి చూపించుకుని ఏడాదంతా నిశ్చింతగా ఉండలేనట్టే, బ్యాక్టీరియా పరీక్ష ఒకసారి బాగా వచ్చిందని ఊరు నిశ్చింతగా ఉండలేదు. నిన్నటి ఫలితం నిన్నటి నీళ్లది.

అందుకే ఇక్కడ రోజూ కావలసింది క్లోరిన్. ఓవర్‌హెడ్ ట్యాంకులో పోసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలోని సూక్ష్మజీవులను చంపడమే కాకుండా, కొంత మిగిలి నీళ్లతోపాటు చివరి ఇంటి దాకా ప్రయాణిస్తుంది, దారిలో చేరే మలినంతో కూడా పోరాడుతుంది. ఆ మిగులు చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన ప్రమాణం. ఇక్కడ జరిగే తప్పు ఎంత చిన్నదో చూడండి. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కావాలంటే మొత్తం 120 గ్రాములు కావాలి. పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే 400 గ్రాముల పౌడర్ సరిపోతుంది. అదే సంచి మూతి విప్పి పంచాయతీ గదిలో తేమలో నెలల తరబడి పడి ఉంటే దాని బలం సగానికి పడిపోవచ్చు. అప్పుడు అదే 400 గ్రాములు సగం పనే చేస్తాయి. నీళ్లు వదిలే మనిషి రోజూ లెక్క ప్రకారం పోశానని నిజాయతీగానే చెబుతాడు, చివరి వీధిలో క్లోరిన్ మాత్రం సున్నా. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో చల్లడం కూడా సరికాదు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగనిచ్చి, పైతేటను పోసి, కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. అది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి చివరి ఇంటి నల్లా నీళ్లను చిన్న గొట్టంలో పట్టి పరీక్ష ద్రావణం చుక్కలు వేస్తే చాలు. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు, నీళ్లు తెల్లగానే ఉండిపోతే లేనట్టు.

క్లోరిన్ వాసన బాగోదని, క్యాన్సర్ వస్తుందని చాలామంది జంకుతారు. క్లోరిన్ నీళ్లలోని సేంద్రియ మలినంతో కలిసినప్పుడు కొన్ని అవాంఛిత పదార్థాలు పుడతాయన్నది నిజమే. అయితే సేంద్రియ మలినం చెరువు, నది నీళ్లతో పోలిస్తే బోరు నీళ్లలో సాధారణంగా చాలా తక్కువ. ఆ పదార్థాలకు భయపడి శుద్ధిని తగ్గించుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఒకపక్క ఏళ్ల తర్వాత రావచ్చేమోనన్న చిన్న ప్రమాదం, ఇంకోపక్క ఈ వారమే పసిబిడ్డకు విరేచనాలు పట్టుకునే ప్రమాదం. తూకం ఎటు మొగ్గుతుందో దాచిపెట్టవలసిన పనిలేదు.

అన్నిటికీ ఒకే మందు ఉందా?

ఆర్వో ప్లాంటు పెట్టించుకున్నాం కదా, ఇక ఈ గొడవంతా ఎందుకు అనేది ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి వేరే నీళ్లు లేని ఊరికి ఆర్వో నిజంగా మేలు చేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాని హద్దులు కూడా తెలియాలి. క్యాను నీళ్లు తాగడానికే వాడతారు, అన్నం మాత్రం నల్లా నీళ్లతోనే ఉడుకుతుంది, కాబట్టి ఫ్లోరైడ్ పళ్లెంలోంచి వస్తూనే ఉంటుంది. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు, కాబట్టి క్యాను సరిగా కడగకపోయినా, అందులో చెయ్యి పెట్టి ముంచినా ఆ నీళ్లకు రక్షణ లేదు. పొర పాడైతే ఫ్లోరైడ్ దాటిపోతుంది, ప్లాంటు నీళ్లను పరీక్షించకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. వదిలేసే వ్యర్థజలం లవణాలతో చిక్కబడి మళ్లీ నేలలోకే పోతుంది. రోజూ క్యాను కొనలేని ఇల్లు నల్లా దగ్గరే మిగిలిపోతుంది. ఇక ఫ్లోరైడ్ లేని ఊళ్లో, సూక్ష్మజీవుల భయం ఒక్కటే ఉన్నచోట, ఆర్వో అనవసరమైన ఖర్చు. అక్కడ క్లోరినో, కాచి చల్లార్చడమో చాలు. కాచడం మాత్రం ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు, నీళ్లు ఆవిరై తగ్గిన మేరకు దాన్ని ఇంకాస్త చిక్కన చేస్తుంది. ఎరువులు, సెప్టిక్ ట్యాంకులు, పెంటకుప్పల నుంచి లోతు తక్కువ బోర్లలోకి దిగే నైట్రేట్ సంగతీ అంతే. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేట్ డబ్బాపాలు కలిపి పట్టే నెలల పిల్లలకు ప్రమాదం, కాచితే అది పోదు. ఏ ప్రమాదమో తెలియకుండా ఎంచుకున్న మందు ఎంత ఖరీదైనా గుడ్డిదే.

నది నీళ్లు వచ్చాక బోరు గొడవ తీరిపోయింది కదా అనే వాదన ఇంతకన్నా బలమైనది. తెలంగాణలో మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి నీళ్లను ఫ్లోరైడ్ పల్లెలకు చేర్చింది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఎన్నో దశాబ్దాల బాధకు ఇది అసలైన ఊరట, దీన్ని తక్కువ చేయకూడదు. అయినా రెండు సంగతులు మరవకూడదు. దూరం నుంచి వచ్చే నీళ్లకు దారి ఎక్కువ, అంటే రెండో రకం ప్రమాదం తగ్గదు. దారిలో పైపు పగిలి సరఫరా ఆగిన రోజుల్లో పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకు నింపితే, ఊరికి తెలియకుండానే ఫ్లోరైడ్ నల్లాలోకి తిరిగొస్తుంది. అందుకే ఊళ్లోని ప్రతి పాత బోరు ఫలితం రాసి ఉండాలి, హద్దు దాటినవాటి మీద తాగరాదని పెద్ద అక్షరాలతో పెయింటు చేసి ఉండాలి. బోరు నీళ్లే తప్పని చోటికి కూడా ఒక దారి ఉంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. చవకైన, తెలివైన పద్ధతి. అయినా అది రోజూ మోతాదు లెక్కను, మడ్డి తీసివేతను, మనిషి శ్రద్ధను కోరుతుంది. పెద్ద పథకమైనా చిన్న బకెట్ పద్ధతైనా, నీళ్ల భద్రతను ఒకసారి కట్టి వదిలేయలేం.

చిన్న పంచాయతీకి ఇదంతా మోయలేని భారం అనొచ్చు. ఖర్చు లెక్క చూస్తే అలా అనిపించదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలని చెప్పింది. ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు బ్యాక్టీరియా పరీక్ష జరగాలని నిర్దేశించింది. కిట్‌లో ఫ్లోరైడ్ రంగును చూసి హద్దు దాటినట్టు అనుమానం వస్తే నమూనాను ల్యాబ్‌కు పంపి తేల్చుకోవచ్చు. కిట్టులోని బ్యాక్టీరియా పరీక్ష సీసాలో పోసిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలినం చేరిందని అనుమానించవచ్చు. క్లోరిన్ పరీక్షకు పట్టేది నిమిషం. ఇక్కడ కొరత డబ్బుది కాదు, పనిని ఒకరికి అప్పగించి, ఫలితాన్ని అందరి ముందు పెట్టే అలవాటుది.

ఆ అలవాటు ఎలా ఉండాలో పైన చెప్పుకున్నవన్నీ చెబుతున్నాయి. పంచాయతీ గోడ మీద రెండు వరుసలు చాలు. మొదటి వరుసలో ఊరికి నీళ్లిచ్చే ప్రతి బోరుకు ఫ్లోరైడ్, నైట్రేట్ విలువలు, పరీక్ష జరిగిన నెల. రెండో వరుసలో చివరి వీధి నల్లా దగ్గర ఆ రోజు క్లోరిన్ ఎంత అన్న అంకె. మొదటిది ఏడాదికి ఒకటి రెండుసార్లు మారుతుంది, రెండోది రోజూ మారాలి. ఒక్క షరతు మాత్రం తప్పనిసరి. క్లోరిన్ వేసే చెయ్యి, క్లోరిన్ కొలిచే చెయ్యి ఒకటి కాకూడదు. వాకర్టన్‌లో రిజిస్టరు ఖాళీగా లేదు, నిండుగానే ఉంది. వేసినవాళ్లే కొలిచారు, కొలవకుండానే రాశారు, సరిచూసేవాళ్లు లేకపోయారు. మన ఊళ్లో నీళ్లు వదిలేవాళ్లు వేయనివ్వండి, మహిళా సంఘమో బడిలోని పెద్ద తరగతి పిల్లలో కొలవనివ్వండి, గ్రామసభలో ఆ అంకెలు చదవనివ్వండి. సున్నా పడిన రోజున ఎవరు అడగాలో, ఎవరు జవాబు చెప్పాలో అప్పుడు ఊరందరికీ తెలుస్తుంది. నల్లా నీళ్లను ధైర్యంగా తాగగల హక్కు ఊరికి నిలిచేది ఆ ప్రశ్న, ఆ జవాబు రోజూ నడిచినంత కాలమే.